రొట్టె ఇచ్చే చోట ఫోన్ లోపల పెట్టండి

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల్లోని వాలంటీర్ పిల్లకాయలకు నమస్కారం. పేరుపేరునా చెబుతూ పోతే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది, పెద్దలు ఏమీ అనుకోవద్దు. మన నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి వచ్చే జనానికి సేవ ఎలా చేయాలో చెప్పమన్నారు. క్యూలు, మంచినీళ్లు, తప్పిపోయిన పిల్లల సంగతి కమిటీవాళ్లు చెబుతారు. నేను దయ గురించి మాట్లాడతాను.

దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జరిగేది మీరు ఏటా చూస్తున్నదే. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్ల చేతిలో పెడతారు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె. ఎవరు ఎవరికి ఇస్తున్నారో తెలియదు. కులం అడగరు, మతం అడగరు. ఇద్దరూ అవే నీళ్లలో దిగి నిలబడతారు. ఈరోజు ఇస్తున్నావిడ కూడా ఒకప్పుడు అక్కడే కొంగు పట్టినావిడే. దేవుడి కృప అంటే ఇదేనని నా నమ్మకం. అది మనుషుల చేతుల మీదుగానే వస్తుంది.

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చింది. సోమశిల నుంచి లక్షల క్యూసెక్కులు వదిలారు, ఏటిగట్టు కాలనీలు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అప్పుడు ఒక స్కూల్లో తలదాచుకున్నవాళ్లకు అన్నం పొట్లాలు పంచుతున్నారు. ఎవరు పంచారో చెప్పను. ఒక ముసలామె చెయ్యి చాచింది. పొట్లం ఆమె చేతిలో పెట్టారు గానీ వదల్లేదు. "ఇటు చూడమ్మా, ఇంకో ఫొటో తీస్తాం" అన్నారు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని, పొట్లం వాళ్ల చేతిలోనే వదిలేసి లైన్లోంచి వెళ్లిపోయింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదమ్మా ఆమె! వరదలో ఇల్లు పోయింది, మొహమైనా దాచుకోనివ్వరా? ఆరోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గకూడదు కూడా.

పొట్టి శ్రీరాములు గారు తిరిగిన ఊరు మనది. 1952 దీక్ష అందరికీ తెలుసు. అంతకుముందు 1946లో, ఇక్కడే మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహార దీక్ష పట్టారు. ఆయన్ను గుడిలోకి రావద్దని ఎవరూ అనలేదు. బయట నిలబెట్టినవాళ్ల కోసం తిండి మానుకున్నారు. అట్టల మీద నినాదాలు రాసుకుని ఎండలో వీధులు తిరుగుతుంటే పిచ్చివాడన్నవాళ్లు కూడా ఉన్నారు. ఈ పిల్లకాయల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? చేతులెత్తండి. చూశారా, మాస్టార్లూ, దయచేసి చెప్పండి వీళ్లకి.

సరే, నేను అడగదలుచుకున్నది చెప్పేస్తాను. మన అన్నదానం దగ్గర పుచ్చుకునేవాళ్ల ఫొటో ఒక్కటి కూడా తీయొద్దు. దాతలకు చూపించాలంటే వండిన గుండిగలు తీయండి, బియ్యం బస్తాలు తీయండి. విస్తరి ముందు కూర్చున్న మనిషిని తీయొద్దు. "మళ్లీ వచ్చావే" అని ఎవరినీ అనొద్దు. రెండోసారి వచ్చిందంటే పక్కన ఇంకెవరో ఆకలితో ఉన్నారని అనుకోండి, పెట్టండి. సంతానం రొట్టె కోసం వచ్చిన ఆడబిడ్డను "ఎన్నేళ్లయిందమ్మా పెళ్లయి" అని అడగొద్దు.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నా. తడి బట్టలతో గట్టెక్కే ఆడవాళ్లను ఎవడైనా ఫోన్లో తీస్తుంటే చూస్తూ ఊరుకోవద్దు. మీరు గొడవకు దిగొద్దు, వెంటనే అక్కడున్న పోలీసులకు చెప్పండి. ఎవరెవరు ఏ ఘాట్ దగ్గర ఉంటారో ఈ సభ అయ్యాక పేర్లు రాయించండి, నేను ఇక్కడే ఉంటాను.