హెరెరా, డేవిస్, హాలండ్: కాన్సాస్ సిటీ రాయల్స్ బుల్‌పెన్ రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. పాత బేస్‌బాల్ ఆటలను మొదటి నుంచి చివరి వరకు చూపించే ఒక సంస్థ తన ఏడాది చందాను నాకు ఉచితంగా ఇచ్చి, నచ్చిన జట్టు మీద ఒక వీడియో చేయమని కోరింది. ఏం చెప్పాలో వారు చెప్పలేదు, నేను రాసుకున్నది వారికి ముందుగా చూపించలేదు. నేను ఎంచుకున్నది 2014, 2015 నాటి కాన్సాస్ సిటీ రాయల్స్ జట్టులో చివరి ఇన్నింగ్స్‌లు వేసిన ముగ్గురు రిలీఫ్ పిచ్చర్లను, అంటే ఆట మధ్యలో మరొకరి బదులు దిగి బంతి విసిరేవారిని (ఇలాంటివారి బృందాన్నీ, వారు సిద్ధమయ్యే చోటునూ బుల్‌పెన్ అంటారు): కెల్విన్ హెరెరా, వేడ్ డేవిస్, గ్రెగ్ హాలండ్. మా అన్నయ్య కాన్సాస్ సిటీ శివారు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో స్థిరపడ్డారు. ఈ జట్టు మీద నాకు అభిమానం ఆయన వల్లనే కలిగింది.

అంకెలు క్లుప్తంగా చెబుతాను. 2014 సీజన్‌లో ఈ.ఆర్.ఏ. (తొమ్మిది ఇన్నింగ్స్‌లకు పిచ్చర్ వల్ల వచ్చిన పరుగుల సగటు, ఎంత తక్కువైతే అంత మేలు) హెరెరాకు 1.41, డేవిస్‌కు 1.00, హాలండ్‌కు 1.44. ఏడో ఇన్నింగ్స్ హెరెరాది, ఎనిమిదోది డేవిస్‌ది, చివరిదైన తొమ్మిదోది హాలండ్‌ది. ఆరో ఇన్నింగ్స్ ముగిసేసరికి రాయల్స్ ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నా, ప్రత్యర్థికి మిగిలిన దారి చాలా ఇరుకుగా ఉండేది.

ఈ ఏర్పాటులో నాకు నచ్చని విషయం ముందుగా చెప్పేస్తాను. క్రికెట్‌లో కెప్టెన్ మంచి బౌలర్ చేత రెండు ఓవర్లు వేయించి, పక్కన పెట్టి, ఆఖరున మళ్ళీ బంతి ఇవ్వగలడు. బేస్‌బాల్‌లో ఒకసారి ఆట నుంచి తప్పించిన పిచ్చర్ ఆ రోజు తిరిగి రాలేడు. అందువల్ల ఎవరిని ఎప్పుడు దించాలన్నదే మేనేజర్ తెలివికి అసలు పరీక్ష. రాయల్స్ మేనేజర్ నెడ్ యోస్ట్ ఆ పరీక్షను గడియారానికి అప్పగించాడు. 2014 సెప్టెంబర్‌లో బోస్టన్‌తో ఆడుతున్నప్పుడు ఆరో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి రన్నర్లతో బేస్‌లన్నీ నిండిపోయాయి. బుల్‌పెన్‌లో హెరెరా ఉండగానే, ఆరో ఇన్నింగ్స్ మరో రిలీఫ్ పిచ్చర్ ఆరన్ క్రోది, ఏడోది హెరెరాది అన్న లెక్కతో యోస్ట్ క్రోనే కొనసాగించాడు. బోస్టన్ బ్యాటర్ డేనియల్ నావా గ్రాండ్ స్లామ్, అంటే బేస్‌లన్నీ నిండి ఉండగా కంచె దాటే హోమ్ రన్, కొట్టి ఒకేసారి నాలుగు పరుగులు తెచ్చాడు, ఆట చేజారిపోయింది. ఆ ఇన్నింగ్స్ ఎప్పుడు చూసినా నాకు కోపం ఆగదు. ఆట ఆరో ఇన్నింగ్స్‌లోనే తేలిపోతుంటే, ఏడో ఇన్నింగ్స్ కోసం దాచిన ఆయుధం ఎందుకు పనికొస్తుంది?

ఈ మొండితనానికి మూలం సేవ్ (స్వల్ప ఆధిక్యాన్ని కాపాడి ఆట ముగించిన రిలీఫ్ పిచ్చర్‌కు దక్కేది) అనే గణాంకంలో ఉందని నా నమ్మకం. 1969లో అధికారికంగా మొదలైన ఈ లెక్క ఆటను ముగించినవాడికే పేరు తెచ్చిపెడుతుంది, జీతం నిర్ణయించేటప్పుడు కూడా దానికే విలువ ఎక్కువ. 2014లో హాలండ్‌కు 46 సేవ్‌లు దక్కాయి, అవి అతడు కష్టపడి సంపాదించినవే. అతడి స్లైడర్ (వంపు తిరిగే బంతి) బ్యాటర్ నిలబడే ప్లేట్ దగ్గర ఒక్కసారిగా కిందికి దిగిపోయే తీరు చూస్తే ఎవరికీ సందేహం రాదు. కానీ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి జట్టులోని మేటి బ్యాటర్లు వరుసగా వచ్చే రోజున, అసలు బరువు మోసేది ఎనిమిదో ఇన్నింగ్స్ పిచ్చరే.

ఇక డేవిస్ సంగతికి వస్తాను. ఈ వీడియో చేయడానికి కారణమే అతడు. 2012 డిసెంబర్‌లో మరో పిచ్చర్ జేమ్స్ షీల్డ్స్‌తో పాటు టాంపా బే జట్టు నుంచి వచ్చిన డేవిస్‌ను 2013లో ఎక్కువగా స్టార్టర్‌గా (ఆట మొదలుపెట్టే పిచ్చర్‌గా) ఆడించారు, అతడి ఈ.ఆర్.ఏ. 5.32కు చేరింది. 2014 సీజన్‌కు ముందు రాయల్స్ పిచ్చర్ ల్యూక్ హోచెవర్ మోచేతి లిగమెంట్ తెగి శస్త్రచికిత్సకు వెళ్ళకపోయి ఉంటే, ఎనిమిదో ఇన్నింగ్స్ డేవిస్ చేతికి వచ్చేదే కాదేమో. వచ్చిన తర్వాత 72 ఇన్నింగ్స్‌లలో 109 మంది బ్యాటర్లను స్ట్రైక్‌అవుట్ చేసి, అంటే బంతి ఆడనివ్వకుండానే అవుట్ చేసి, ఒక్క హోమ్ రన్ కూడా ఇవ్వలేదు. ఒకే బ్యాటర్‌ను ఒక రాత్రిలో మూడుసార్లు ఎదుర్కోవలసిన అవసరం తప్పింది, బలాన్ని ఆరు ఇన్నింగ్స్‌లకు పొదుపు చేసుకునే అవసరం కూడా తప్పింది. వేగం పెరిగింది, ఫాస్ట్‌బాల్, కట్టర్, కర్వ్ అన్న మూడు రకాల బంతులే చాలునని తేలింది. అతడి ముఖంలో సంతోషం గాని భయం గాని కనిపించవు. పిచ్ వేసి, బంతి అందుకుని, మళ్ళీ వేస్తాడు. ఆ నిశ్చలత్వం చూడడానికే నేను చాలా ఆటలను ఎనిమిదో ఇన్నింగ్స్ నుంచి మొదలుపెడతాను.

2015 అక్టోబర్‌లో టొరంటోతో జరిగిన అమెరికన్ లీగ్ ఫైనల్ ఆరో ఆటను మాత్రం తప్పక చూడండి. అప్పటికి మోచేతి గాయంతో హాలండ్ లేడు, తొమ్మిదో ఇన్నింగ్స్ కూడా డేవిస్‌దే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాయల్స్ పిచ్చర్ రయన్ మాడ్సన్ బౌలింగ్‌లో టొరంటో బ్యాటర్ హోసే బటిస్టా హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేయగా, యోస్ట్ ఈసారి గడియారం చూడకుండా డేవిస్‌ను పిలిచాడు. అతడు ఆ ఇన్నింగ్స్ ముగించగానే వాన వచ్చి 45 నిమిషాలు ఆట ఆగింది. తర్వాత రాయల్స్ బ్యాటర్ ఎరిక్ హాస్మర్ కొట్టిన సింగిల్‌కు లొరెంజో కేన్ మొదటి బేస్ నుంచి ఏకంగా హోమ్ దాకా పరుగెత్తి 4-3 ఆధిక్యం ఇచ్చాడు. అంతసేపు చేయి చల్లబడిన డేవిస్ మళ్ళీ మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎక్కాడు. ఒక్కరూ అవుట్ కాకముందే టొరంటో రన్నర్ డాల్టన్ పాంపీ రెండు బేస్‌లు దొంగిలించి (బ్యాటర్ బంతి కొట్టకుండానే పరుగెత్తి) మూడో బేస్ చేరాడు. ఒక్క ఫ్లై బాల్ (గాలిలోకి లేచే దెబ్బ) దూరంగా వెళ్ళినా స్కోరు సమం. డేవిస్ టొరంటో బ్యాటర్లు నవారోను, రెవీర్‌ను స్ట్రైక్‌అవుట్ చేసి, జాష్ డొనాల్డ్‌సన్ చేత నేల మీద బంతి కొట్టించి ఆట ముగించాడు. ఆ తర్వాత ఆఖరి పోరైన వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ మెట్స్ మీద చివరి అవుట్ తీసినవాడు కూడా అతడే, కానీ దాని కంటే నాకు ఈ ఇన్నింగ్స్ గొప్పది.

దీనికి ముందు నేను ఎంతో ఇష్టపడిన బుల్‌పెన్‌లు రెండు. 1990 సిన్సినాటి రెడ్స్‌లో పిచ్చర్లు డిబుల్, చార్ల్‌టన్, మైయర్స్ వేగంతో భయపెట్టారు, ఆ జట్టు వరల్డ్ సిరీస్‌లో ఓక్లండ్‌ను నాలుగు ఆటలలోనే ఓడించింది. 1996 యాంకీస్‌లో ఆట ముగించే వెటెలాండ్‌కు ముందు మరియానో రివెరా వందకు పైగా ఇన్నింగ్స్‌లు వేశాడు. పని మోసిన తీరులో అతడు డేవిస్ కంటే ఒక మెట్టు పైనే ఉంటాడు. అయినా వరుసగా ముగ్గురూ ఒకే స్థాయిలో నిలబడడం రాయల్స్‌లో చూసినంతగా మరెక్కడా నేను చూడలేదు. కాబట్టి 2014 నాటి ఈ ముగ్గురికి నా మొదటి స్థానం. యోస్ట్ మీద కోపంతో మార్కులు తగ్గించాలని అనుకున్నాను గాని, డేవిస్‌ను చూశాక మనసొప్పలేదు.

2014 వరల్డ్ సిరీస్ ఏడో ఆట గురించి వచ్చే క్లిప్‌లన్నీ ఐదు ఇన్నింగ్స్‌లు వేసి సేవ్ సాధించిన జెయింట్స్ పిచ్చర్ మాడిసన్ బమ్‌గార్నర్‌నే చూపిస్తాయి, అతడు దానికి అర్హుడే. అయితే పూర్తి ఆట చూసేటప్పుడు రాయల్స్ వైపు కూడా గమనించండి. సీజన్‌లో సాధారణంగా ఏడో ఇన్నింగ్స్ కోసం దాచిన హెరెరాను యోస్ట్ నాలుగో ఇన్నింగ్స్‌లోనే దించాడు. వస్తూనే అతడు ఇచ్చిన ఒక హిట్‌కు, ఆట మొదలుపెట్టిన రాయల్స్ పిచ్చర్ గత్రీ వదిలి వెళ్ళిన రన్నర్ హోమ్ చేరాడు, ఆ తర్వాత హెరెరా, డేవిస్, హాలండ్ కలిసి ఆట చివరి దాకా మరో పరుగు ఇవ్వలేదు. 3-2తో ఓడిన ఆ రాత్రి, వారు చేయవలసిన పనిలో లోపమేమీ నాకు కనిపించలేదు.