పక్క వెలుతురులో ప్లేటు నంబరు

అందరికీ నమస్కారం. నేను శాసనాలు చదివే పండితుణ్ణి కాను, పాత గ్రామఫోన్ ప్లేట్లు పోగేసేవాణ్ణి. అరిగిన రాతను చదవాలంటే కళ్లకు పడే కష్టం మాత్రం ఇద్దరికీ ఒకటే. ప్లేటు మీది నంబరును నేనెలా చదువుతానో చెబుతాను.

ఇదిగో, ఈ పదంగుళాల ప్లేటు చూడండి. లేబుల్‌ని చెమ్మ తినేసింది. పాడినావిడ పేరులో సగమే మిగిలింది. సూది తిరిగే గాళ్లు అయిపోయాక లేబుల్‌కి ముందు వేలి మందాన నల్లటి ఖాళీ ఉంది కదా, నంబరు అక్కడుంటుంది. మ్యాట్రిక్స్ నంబరు అంటాం, అది ఏ రికార్డింగో చెప్పే నంబరు. లేబుల్ పోయినా అది పోదు, అచ్చులోనే పడింది కాబట్టి.

ఎదురుగా లైటు వేస్తే ఏమీ తెలియదు, అంతా మెరుపే. గదిలో లైట్లు ఆర్పేయండి. టార్చిని బల్ల మీద పడుకోబెట్టి, ప్లేటును మెల్లగా తిప్పండి. ఎక్కడో ఒకచోట అంకెకు నీడ పడుతుంది. ఇప్పుడు గోటితో తడమండి. లోపలికి దిగిందా, పైకి ఉబ్బిందా? రికార్డింగ్ రోజు పాటను చెక్కే మైనపు పలక మీద గీసింది ప్లేటులోనూ దిగే ఉంటుంది. ఫ్యాక్టరీలో స్టాంపర్ మీద, అంటే ప్లేట్లు ఒత్తే లోహపు అచ్చు మీద, గీసింది ఉబ్బుతుంది. స్టాంపర్ మీద రాసేవాడు అన్నీ అద్దంలో బొమ్మలా తిరగేసి రాయాలి. అంకె తిరగబడి కనిపిస్తే మీ కళ్లజోడును తిట్టుకోకండి, అతని చెయ్యి తడబడిందేమో!

గ్రామఫోన్ కంపెనీ వారి కుక్క బొమ్మ ప్లేట్లలో నంబరు పక్కన చిన్న త్రికోణం ఉందంటే అది మైకుతో రికార్డు చేసింది, 1925కు ముందుది కాదు. అంతకుముందు గరాటులాంటి కొమ్ములోకి గొంతెత్తి పాడాల్సిందే. ఇంగ్లండులో అచ్చయిన ప్లేట్లకు ఇంకో తమాషా ఉంది. జీ, ఆర్, ఏ, ఎం, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, డీ: కంపెనీ పేరులోని అక్షరాలనే స్టాంపర్ నంబరుకు అంకెలుగా వాడుకున్నారు. జీ అంటే 1, చివరి డీ సున్నా. ఆర్, ఎం పక్కపక్కనే ఉంటే 24వ స్టాంపర్.

తుడవడానికి స్పిరిట్ మాత్రం వాడకండి. ప్లేటులో ఉన్నది లక్క, ఆల్కహాల్‌కి కరుగుతుంది. ఒకసారి తొందరపడి నేనే దూదికి స్పిరిట్ అద్ది రుద్దాను. దూది నల్లబడింది, చివరి అంకె అలుక్కుపోయింది. 3 కావచ్చు, 8 కావచ్చు. ఆ ప్లేటు వివరాలు రాసుకున్న నా కార్డు మీద ఆ చోట ఇప్పటికీ చుక్కే ఉంది.