ఏ పార్టీ సార్ ఆయన? బెజవాడ గోపాలరెడ్డి గారి లక్నో ఏళ్లు

అందరికీ నమస్కారం.

పొద్దున నెల్లూరు బస్సులో వచ్చి బుచ్చిరెడ్డిపాళెంలో దిగాను. టీ కొట్టు దగ్గర కుర్రాడిని అడిగాను, "బెజవాడ గోపాలరెడ్డి గారు తెలుసా అబ్బయా?" అని. గ్లాసులో టీ పోస్తూ, తలెత్తకుండానే అన్నాడు, "ఏ పార్టీ సార్ ఆయన?"

నవ్వొచ్చింది. నడిచి వస్తుంటే మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా లక్నో రాజ్‌భవన్‌లో ఆయనున్న ఐదేళ్లూ ఆయన్ని వెంటాడింది అదే.

మీ ఊరాయన గురించి మీకు మొదటినుంచీ చెప్పక్కర్లేదు. 1907 ఆగస్టు 5న ఇక్కడే పుట్టారు. బందరు జాతీయ కళాశాల, తర్వాత శాంతినికేతన్. బెంగాలీ వంటబట్టింది, టాగూర్‌ని తెలుగులోకి తెచ్చారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో చేరేనాటికి ముప్పై ఏళ్లు నిండలేదు. 1955 మార్చిలో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి. ఆ డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేసింది ఈయన హయాంలోనే. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కుర్చీ సంజీవరెడ్డి గారికి వెళ్లింది, ఈయన ఆయన దగ్గరే మంత్రిగా చేరారు. ఇవాళ ఎవరైనా చేరతారా, చెప్పండి! ఆ తర్వాత ఢిల్లీలో సమాచార ప్రసార శాఖ చూశారు.

1967 మే 1న ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు. గవర్నర్ అంటే మనకి రిబ్బన్లు కత్తిరించే పెద్దమనిషి. ఈయనకి ఆ సుఖం దక్కలేదు. అప్పటికి నెల ముందే కాంగ్రెస్ ప్రభుత్వం పడిపోయి చరణ్ సింగ్ ముఖ్యమంత్రిగా వచ్చారు. 1968 ఫిబ్రవరిలో ఆయనా దిగిపోయారు. ఏడాది పాటు రాష్ట్రపతి పాలన, అంటే అంత పెద్ద రాష్ట్రం మన గోపాలరెడ్డి గారి సంతకం మీద నడిచింది. 1969లో మధ్యంతర ఎన్నికలు, ముఖ్యమంత్రిగా సి.బి.గుప్తా. ఆ ఏడే కాంగ్రెస్ ఇందిర వర్గం, ఆమెకి ఎదురు వర్గం అని రెండు ముక్కలైంది. 1970 ఫిబ్రవరిలో ఇందిర వర్గం అండతో మళ్లీ చరణ్ సింగ్.

అసలు చిక్కు అక్కడే. సెప్టెంబరులో ఆ వర్గంతో చెడింది. తన మంత్రివర్గంలోని ఇందిర వర్గం మంత్రుల్ని తీసేయమని ముఖ్యమంత్రి గవర్నర్‌ని కోరారు. గవర్నర్ వాళ్లని తీయలేదు, రాజీనామా చేయమని ముఖ్యమంత్రినే అడిగారు! ఆయన ససేమిరా అన్నారు. గవర్నర్ రాష్ట్రపతి పాలనకి సిఫారసు చేశారు. రాష్ట్రపతి వి.వి.గిరి అప్పుడు సోవియట్ పర్యటనలో ఉన్నారు. కాగితాలు కీవ్‌కి తీసుకెళ్లి, అక్టోబరు 1న అక్కడే సంతకం చేయించుకున్నారు. కొద్ది రోజులాగితే శాసనసభే సమావేశమయ్యేది. బలం ఎవరికుందో అక్కడ తేలేది కదా, ఏం మునిగిపోయింది? రాష్ట్రపతి పాలన మీద వచ్చిన బొమ్మై కేసులో 1994లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే, బలం సభలో తేల్చుకోవాలని. గోపాలరెడ్డి గారంటే నాకెంత గౌరవమున్నా, అది తప్పే అంటాను.

అయితే ఢిల్లీ మనిషని ముద్ర వేసేద్దామా? పదిహేడు రోజులకే, అక్టోబరు 18న, ఆయన ప్రమాణం చేయించింది త్రిభువన్ నారాయణ్ సింగ్ చేత. ఇందిరకి ఎదురు వర్గం కాంగ్రెస్ నాయకుడు! పైగా అప్పటికి రాష్ట్ర శాసనసభలోగానీ, శాసనమండలిలోగానీ సభ్యుడు కాదు. దాని మీద కేసు వేస్తే, ఆ నియామకం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ముఖ్యమంత్రి తర్వాత ఉపఎన్నికలో ఓడి దిగిపోయారు, అది వేరే కథ.

ఇందిరకి నచ్చిన పనీ ఆయనే చేశారు, నచ్చని పనీ ఆయనే చేశారు, అదీ ఒకే నెలలో. టీ కొట్టు అబ్బాయికి ఏం చెప్పమంటారు? నా బస్సుకి ఇంకా అరగంట టైముంది. ముందు వరసలో పిల్లలు కూర్చున్నారు కదా, మీరు చెప్పండి.