పని చేసి మళ్లీ తరగతికి రావాలి: ఇంజనీరింగ్ చదువులో అప్రెంటిస్‌షిప్

నమస్కారం. ఇంజనీరింగ్ చదువుతూనే అప్రెంటిస్‌గా పనిచేసే పద్ధతి గురించి ఎక్కడ మాట్లాడినా నాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది: "చదువయ్యాక ఎలాగూ ఉద్యోగమే కదండీ, మధ్యలో ఈ పని ఎందుకు?" తల్లిదండ్రులు అడిగితే అర్థం చేసుకోగలను గానీ, అధ్యాపకులే ఇలా అడుగుతుంటే నాకు బాధ కలుగుతుంది. పనిలో చేతికి తగిలిన సందేహాన్ని మోసుకుని విద్యార్థి మళ్లీ తరగతికి రావడంలోనే ఈ పద్ధతి విలువంతా ఉంది.

ఒక ఉక్కు షాఫ్ట్‌ను, అంటే యంత్రంలో తిరిగే గుండ్రటి కడ్డీని తీసుకుందాం. డ్రాయింగ్ ప్రకారం దాని వ్యాసం 50 మిల్లీమీటర్లు దాటకూడదు, తగ్గితే 25 మైక్రాన్ల లోపే తగ్గాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ యంత్రం మీద, చల్లబరిచే కూలెంట్ ద్రవం లేకుండా ఆఖరి కోత ముగించిన కుర్రవాడు, షాఫ్ట్ చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉండగానే మైక్రోమీటర్ అనే కొలత పరికరం పెట్టి చూస్తాడు, సరిగ్గా 50.000 కనబడగానే సంతోషంగా పక్కన పెడతాడు. భోజనం చేసి వచ్చేసరికి అదే షాఫ్ట్ 49.970 చూపించి రిజెక్ట్ అవుతుంది. ఈలోగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 80 డిగ్రీల వేడిలో కొలిచిన ఉక్కు, వర్క్‌షాపులోని 30 డిగ్రీలకు చల్లారింది. ఉక్కు డిగ్రీకి మిలియన్‌లో సుమారు 12 వంతులు వ్యాకోచిస్తుంది కాబట్టి, 50 మిల్లీమీటర్లకు, 50 డిగ్రీల తేడాకు లెక్క కడితే 30 మైక్రాన్లు వస్తుంది. ఈ సూత్రం ఇంటర్ భౌతికశాస్త్రంలోనిదే. ఆ కుర్రవాడు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో దీని మీద లెక్కలు చేసి వచ్చినవాడే.

ఇప్పుడు అతడు మూడు నెలల తర్వాత మెట్రాలజీ, అంటే కొలతల శాస్త్రం తరగతిలో కూర్చున్నాడనుకోండి. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని అధ్యాపకుడు చెప్పగానే, మిగతావారు నోట్సులో రాసుకునే ఆ వాక్యం దగ్గర అతడు ఆగిపోతాడు. "ఎండాకాలంలో మా షాపు 40 డిగ్రీలకు చేరుతుంది, మరి మా కొలతలన్నీ తప్పేనా?" అని అడుగుతాడు. మైక్రోమీటరూ ఉక్కే, షాఫ్టూ ఉక్కే, రెండూ ఒకే వేడిలో ఉంటే రెండూ ఒకేలా పెరుగుతాయి కాబట్టి ఆ తప్పు దాదాపుగా కొట్టుకుపోతుందని, అదే అల్యూమినియం షాఫ్ట్ అయితే వ్యాకోచం దాదాపు రెట్టింపు కాబట్టి అక్కడ సుమారు 11 మైక్రాన్ల తేడా మిగిలిపోతుందని అతడికి జవాబు దొరుకుతుంది. ఆ జవాబుతో అతడు మళ్లీ లేత్ దగ్గరకు వెళతాడు. ఆఖరి సెమిస్టర్‌లో మాత్రమే పనికి పంపితే షాఫ్ట్ రిజెక్ట్ అవుతుంది గానీ, ఆ ప్రశ్న అడగడానికి తరగతి మిగలదు.

అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన హెర్మన్ ష్నైడర్ 1906లో 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో మొదలుపెట్టిన పద్ధతి ఇదే: జతలో ఒకరు ఒక వారం తరగతిలో ఉంటే మరొకరు కార్ఖానాలో ఉండేవారు, మరుసటి వారం తారుమారయ్యేవారు. జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 1974లో స్టుట్‌గార్ట్, మాన్‌హైమ్ నగరాల్లో మొదలై, 2009లో ఉన్నత విద్యాసంస్థగా మారిన ద్వంద్వ విద్యావిధానంలో ఈ వంతు సుమారు మూడు నెలలది. అక్కడ విద్యార్థి ముందుగా కంపెనీతో ఒప్పందం చేసుకుంటాడు, చదివే నెలల్లో కూడా అతడికి జీతం అందుతుంది. నా దృష్టిలో ఇది దానం కాదు, తరగతి గది కూడా పనిలో భాగమేనని కంపెనీ ఒప్పుకోవడం.

మన దేశం సంగతి త్వరగా చెబుతాను. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టంలోకి ఇంజనీరింగ్ పట్టభద్రులనూ డిప్లొమావారినీ 1973 సవరణ తెచ్చింది. పట్టా పొందినవారితో పాటు, పట్టా కోసం శిక్షణ పొందుతున్నవారికీ అందులో చోటుంది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఆ నిబంధనల్లో పట్టభద్రులకు నెలకు కనీసం 9,000, డిప్లొమావారికి 8,000 రూపాయలు స్టైపెండ్‌గా నిర్ణయించారు, జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద కనీస మొత్తంలో సగాన్ని కేంద్రం భరిస్తుంది. దక్షిణాది రాష్ట్రాలకు సంబంధించిన అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చెన్నైలో ఉంది. అయినా మన దగ్గర చాలామంది పట్టా చేతికొచ్చాకే అప్రెంటిస్‌గా చేరుతున్నారు.

కాబట్టి కాలేజీలో చేరేముందు క్యాంపస్ ప్లేస్‌మెంట్ల గురించి అడిగినట్టే, పరిశ్రమలో పని ఏ సెమిస్టర్‌లో ఉంటుందో, ఆ తర్వాత ఇంకా ఎన్ని సెమిస్టర్ల తరగతులు మిగిలి ఉంటాయో కూడా అడగండి.