ఆలోచన కలవకముందు మనం చూసేది ఏమిటి?

నమస్కారం. “ఆలోచనలను పక్కన పెట్టి ఉన్నదాన్ని ఉన్నట్టు చూడండి, అదే సత్యం” అనే మాట నేటి ఆధ్యాత్మిక ప్రసంగాలలో తరచుగా వినిపిస్తోంది. ఈ విషయాన్ని ఎంతో నిశితంగా పరిశీలించిన బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు. కంచి ప్రాంతంలో పుట్టిన ఆయనకు తెలుగు నేలతోనూ సంబంధం ఉంది. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్, నాటి రాజధానికి నైరుతి దిక్కున ఉన్న ఒంటరి కొండపై దిఙ్నాగుడు తర్కగ్రంథం రచించాడని రాశాడు.

కల్పన, అంటే మనసు జతచేసే భావన, అంటని జ్ఞానమే ప్రత్యక్షం, అంటే నేరుగా కలిగే ఎరుక, అని దిఙ్నాగుడి నిర్వచనం. పేరు, జాతి, గుణం, క్రియ, ద్రవ్యం (వస్తువు) అనే ఐదింటిలో దేనిని జతచేసినా అది కల్పనే. పెరుగన్నంలో చల్లమిరపకాయ కొరికినప్పుడు నాలుక అంచుకు మొదట తగిలేది ఒకానొక మంట. అది ఆ క్షణానికి, ఆ నాలుకకు మాత్రమే చెందినది. మరుక్షణమే దానిని కారం అంటాం, నిన్నటి ఆవకాయ మంటతో కలిపి ఒకే జాతిలో చేరుస్తాం, “ఈసారి కాయలకు ఉప్పు సరిగా పట్టలేదు” అని కారణం కూడా చెబుతాం. ఆ మొదటి మంట స్వలక్షణం. ఎన్నో మంటలకు ఉమ్మడిగా మనసు కల్పించుకున్న కారం సామాన్యలక్షణం.

ఇంతవరకు విని, ఆలోచన సత్యానికి శత్రువని దిఙ్నాగుడు చెప్పాడనుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. ప్రత్యక్షంతో పాటు అనుమానాన్నీ, అంటే ఒక గుర్తును బట్టి చేసే ఊహనూ, ఆయన ప్రమాణంగా, అంటే సరైన జ్ఞానానికి సాధనంగా, అంగీకరించాడు. పొగను చూసి నిప్పును ఊహించడం సామాన్యలక్షణాలతోనే సాధ్యం. వేదాన్ని ప్రమాణంగా నమ్మే మీమాంసా సంప్రదాయానికి చెందిన కుమారిల భట్టు మరో అడుగు ముందుకు వేశాడు. తొలిక్షణపు జ్ఞానం పసిపిల్లల, మూగవారి జ్ఞానం వంటిదని ఒప్పుకుంటూనే, “ఇది ఆవు” అని గుర్తించే తరువాతి జ్ఞానం కూడా ప్రత్యక్షమేనని వాదించాడు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది, దిఙ్నాగుడి బాటలో నడిచిన తరువాతి బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఆ నిర్వచనానికి చేసిన సవరణ. కల్పన లేకపోవడం ఒక్కటే చాలదు, భ్రాంతి కూడా ఉండకూడదని ఆయన చేర్చాడు. తిమిరం అనే కంటిజబ్బు కమ్మిన కంటికి చంద్రుడు ఇద్దరుగా కనిపిస్తాడు, గిరగిర తిప్పిన కొరివి చక్రంలా కనిపిస్తుంది, పడవలో వెళ్లేవాడికి ఒడ్డున చెట్లు కదులుతున్నట్టు ఉంటాయి. అక్కడ ఏ సిద్ధాంతమూ అడ్డు రాలేదు. పొరపాటు చూపులోనే ఉంది. అందుకే “నేను స్వయంగా అనుభవించాను” అన్నంత మాత్రాన విచారణ ముగిసిపోదు. ఆ జ్ఞానాన్ని నమ్మి ముందుకు సాగితే ఆశించిన ఫలం దక్కాలని ధర్మకీర్తి పెట్టిన పరీక్ష. ఎండమావిలోనూ కంటికి నీరే కనిపిస్తుంది, కానీ అక్కడికి వెళ్లినవాడి దాహం తీరదు.