స్టేపుల్స్ షేర్లు సేఫేనా? జీతాలు, పన్నుల లెక్క చూద్దాం

నమస్కారమండీ. మార్కెట్ కాస్త ఊగిందంటే చాలు, అందరి నోటా ఒకటే మాట: "సబ్బులు, టూత్‌పేస్టులు, డైపర్లు చేసే కంపెనీల్లో పెట్టెయ్యండి, జనం అవి కొనక మానరు కదా." రోజూ వాడే ఇలాంటి సరుకులు చేసే కంపెనీలనే స్టేపుల్స్ అంటారు. నిజమే, మానరు. సబ్బు కొంటారు. కానీ మీ కంపెనీ సబ్బే కొంటారని ఎవరు చెప్పారు? అదే అరలో సూపర్‌మార్కెట్ సొంత బ్రాండ్ తక్కువ ధరకి కూర్చుని ఉంటుంది.

ఈ కంపెనీల మీద మూడు వైపుల నుంచి ఒత్తిడి ఉంది. ముడిసరుకు, పన్నులు, జీతాలు. మూడింటినీ ఒకే గాటన కట్టేసి "ఖర్చులు పెరిగాయి" అని తేల్చేస్తుంటారు. నాకు నచ్చనిది అదే. ముడిసరుకు ధర పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. జీతాలూ పన్నులూ ఒకసారి ఎక్కితే దిగడం అరుదు.

కోకోనే తీసుకోండి. 2023 మొదట్లో టన్ను ధర సుమారు 2,500 డాలర్లు. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని, 2024 డిసెంబరులో 12,000 దాటిపోయింది. చాక్లెట్ కంపెనీలు ధరలు పెంచేశాయి. 2025 చివరికొచ్చేసరికి కోకో అందులో సగం దగ్గరికి దిగింది. మరి చాక్లెట్ ధర? అది అంత తొందరగా దిగదు లెండి! ఎక్కువ ధరకి ముందే కొనిపెట్టుకున్న సరుకు అయిపోయాక మార్జిన్, అంటే అమ్మకాల్లో మిగిలే లాభం వాటా, మెల్లగా కోలుకుంటుంది. ఇలాంటి దెబ్బ అయితే ఇన్వెస్టర్ ఓపిక పట్టొచ్చు.

జీతాల దగ్గర ఆ ఓపిక పనిచేయదు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూడండి. 21 ఏళ్లు దాటినవాళ్లకి కనీస వేతనం గంటకి 11.44 పౌండ్ల నుంచి 12.21కి పెరిగింది. అదే నెలలో, ఉద్యోగి తరఫున యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద పడే సామాజిక భద్రత పన్ను) 13.8 శాతం నుంచి 15 శాతమైంది. అందరూ ఆ 1.2 శాతం గురించే మాట్లాడారు. అసలు దెబ్బ వేరే చోట ఉంది. ఏడాదికి 9,100 పౌండ్లు దాటిన జీతం మీదే కట్టాల్సింది కాస్తా, 5,000 దాటగానే కట్టాలన్నారు. ఏడాదికి 15,000 పౌండ్లు తీసుకునే పార్ట్‌టైమ్ ఉద్యోగి మీద లెక్క వేద్దాం. ముందు యజమాని కట్టింది 814 పౌండ్లు. ఇప్పుడు 1,500. దాదాపు రెట్టింపు! పెద్ద జీతాలున్న ఆఫీసులకి ఇది చిన్న గీత. వేలమంది పార్ట్‌టైమ్ వాళ్లతో నడిచే సూపర్‌మార్కెట్‌కి మాత్రం అలా కాదు.

సూపర్‌మార్కెట్ లాభం ఎంత పల్చగా ఉంటుందో తెలుసుగా. ఉదాహరణకి, 100 అమ్మితే 3 మిగులుతుంది, జీతాలకి 10 పోతుంది అనుకోండి. జీతాల బిల్లు 7 శాతం పెరిగితే ఆ 3 కాస్తా 2.3 అవుతుంది. లాభంలో దాదాపు పావు వంతు ఎగిరిపోయినట్టే.

ఇక్కడే చాలామంది "నా దగ్గరున్నది సబ్బుల కంపెనీ, సూపర్‌మార్కెట్ కాదు, నాకేంటి?" అంటారు. ఆ సూపర్‌మార్కెట్ ఆ నష్టాన్ని ఎవరి మీదికి నెడుతుంది? ధరల బేరానికి వచ్చిన బ్రాండ్ కంపెనీ మీదికే. 2024 జనవరిలో ఫ్రాన్స్‌లో క్యారెఫోర్ అనే సూపర్‌మార్కెట్ సంస్థ ఏం చేసిందో గుర్తుందా? ధరలు మరీ పెంచారంటూ పెప్సికో సరుకుని అరల్లోంచి తీసేసింది. పెప్సికోకే ఆ పరిస్థితి వస్తే మిగతావాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

దిగుమతి సుంకాల గురించి ఒక్క మాట. 2025 జూలైలో, డైపర్లు, డిటర్జెంట్లు చేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఆ ఆర్థిక సంవత్సరానికి సుంకాల భారం 100 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని అంచనా వేసింది. అమెరికాలో తన ఉత్పత్తుల్లో పావు వంతు మీద ధరలు పెంచుతామంది. అంతకు నెల ముందే, ఫ్యాక్టరీల్లో కాకుండా బయట ఉన్న 7,000 ఉద్యోగాలు తీసేస్తామనీ ప్రకటించింది.

ధర పెంచితే అమ్మకాల అంకె ముచ్చటగా కనిపిస్తుంది. 2022లో యూనిలీవర్ అమ్మకాలు 9 శాతం పెరిగాయి. విప్పి చూస్తే ధరల వల్ల వచ్చింది 11.3 శాతం, వాల్యూమ్, అంటే అమ్మిన సరుకు పరిమాణం, 2.1 శాతం తగ్గింది. అందుకే రిజల్ట్స్ రాగానే నేను మొదట వాల్యూమ్ చూస్తాను, ఆ తర్వాత యాడ్స్ ఖర్చు. ధర పెంచలేని కంపెనీ గుట్టుగా యాడ్స్ తగ్గించి లాభం చూపిస్తుంది. రెండు మూడేళ్లు బాగానే ఉంటుంది. ఖర్చుల కోతకి పేరుపడ్డ ఆహార కంపెనీ క్రాఫ్ట్ హైంజ్ 2019 ఫిబ్రవరిలో తన బ్రాండ్ల విలువని లెక్కల్లో 1,540 కోట్ల డాలర్లు తగ్గించేసి, డివిడెండ్‌ని (షేరుకి పంచే లాభాన్ని) క్వార్టర్‌కి 62.5 సెంట్ల నుంచి 40కి కోసేసింది. డివిడెండ్ కోసమే ఆ షేరు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎంతమందో!

మీ దగ్గరున్న స్టేపుల్స్ కంపెనీలో గత నాలుగు క్వార్టర్ల వాల్యూమ్ ఎంతో ఒకసారి తీసి చూడండి. మైనస్‌లో ఉంటే పేరు కామెంట్లో పెట్టండి, వచ్చే వీడియోలో ఆ కంపెనీ లెక్కలే విప్పుదాం.