కొంగుముడిలో రెండు బిళ్ళలు

అందరికీ నమస్కారం. నడక అయిపోయి ఇంకా చెమట కూడా ఆరలేదు, ఇంటికెళ్లి కాఫీ తాగాల్సిన టైములో మిమ్మల్ని ఇలా మన విశాఖ బీచ్ రోడ్డు పక్కన కూర్చోబెట్టాం, కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. నేను డాక్టర్‌ని కాదు. అక్కయ్యపాలెంలో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. మీలో చాలామంది నా దగ్గర బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు కొనేవాళ్లే. స్టెంట్లు వేయించుకున్నవాళ్లు, బైపాస్ అయినవాళ్లు కూడా ఈ గుంపులో ఉన్నారని నాకు తెలుసు. వాళ్లందరి ఇళ్లలోనూ ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉంది. అమ్మింది నేనే కాబట్టి ఉందని చెప్పగలను. కానీ ఈ నిమిషంలో, ఇక్కడ కూర్చున్న చోట, ఎంతమంది జేబులో ఉంది?

ఈ ప్రశ్న మిమ్మల్ని అడిగే ముందు నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి మా అక్క, బావగారు, నేను కలిసి బయల్దేరాం. బావగారికి అప్పటికి రెండు స్టెంట్లున్నాయి, మూడేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు, రోజూ నడిచే మనిషి. 32 కిలోమీటర్లు నడవద్దని మేమంటే వినలేదు, సగం దూరం నడిచి ఆటో ఎక్కేస్తానని మాటిచ్చాడు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. హనుమంతవాక దాటి, సముద్రం దగ్గర కాళ్లు తడుపుకుని, ఎంవీపీ కాలనీ మీదుగా వస్తుంటే సగం దూరం ఎప్పుడు దాటిపోయిందో తెలియనే లేదు. అడుగడుగునా మజ్జిగ, పులిహోర, భజనలు, ఆ రాత్రి ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది కదా. మాధవధార దగ్గరికొచ్చేసరికి బావగారు ఆగిపోయాడు. రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని, "ఏం లేదురా, పులిహోర తిన్నాను కదా, గ్యాస్ పట్టేసింది" అన్నాడు. మొహం చూస్తే నల్లగా వాడిపోయింది, నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా ఉంది. అందరికీ చెమటలే, కానీ అది వేరే చెమట, చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

"బావా, మాత్ర ఏదీ?" అన్నాను. జేబులు తడుముకున్నాడు. మాత్ర ఉంది, ఇంట్లో, మేకుకి తగిలించిన చొక్కా జేబులో. ప్రదక్షిణకని పంచె, కండువా కట్టుకుని వచ్చాడు, చొక్కా మారితే మాత్ర కూడా మారాలని ఎవరికీ తోచలేదు. పక్కన ఉన్నది ఎవరు? ఏళ్ల తరబడి అవే మాత్రలు అమ్ముతున్న బావమరిది. నా దగ్గరా లేదు. చుట్టూ జనం మంచివాళ్లే, ఒకరు సోడా తెచ్చారు, ఒకరు గ్యాస్ మాత్ర ఇచ్చారు, ఇంకొకరు వీపు మీద రుద్దుతున్నారు. 108కి ఫోన్ చేశాం, వస్తున్నామన్నారు, కానీ ఆ జనంలోంచి బండి ఎలా వస్తుంది?

అప్పుడు ఒక పెద్దావిడ, అరవై అయిదు దాటి ఉంటాయి, చేత్తో చెప్పులు పట్టుకుని నడుస్తున్నావిడ, మమ్మల్ని చూసి ఆగింది. దగ్గరికి వచ్చి ముందు నన్ను అడిగింది, "బాబూ, ఈయనకి గుండె జబ్బు ఇంతకుముందు ఉన్నదేనా? నాలిక్కింద బిళ్ళ అలవాటేనా?" ఉందమ్మా, అలవాటే అన్నాను. చీర కొంగు ముడి విప్పింది. అందులో చిల్లర డబ్బులతో పాటు చిన్న ప్లాస్టిక్ కవరు, కవరులో రెండు రకాల బిళ్ళలు, కత్తెరతో చదరంగా కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు, తారీఖు ఉన్న వైపే కత్తిరించి ఉంచుకుంది. ఒకటి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, రెండోది రక్తం గడ్డ కట్టకుండా చూసే ఆస్పిరిన్. ఆవిడకి రాసిచ్చినవి. "కూచోబెట్టే పెట్టు నాన్నా, నిలబెట్టకు, పడిపోతాడు" అంది. ఆ మాట నేను కౌంటర్ దగ్గర వందమందికి చెప్పి ఉంటాను, ఆ రాత్రి ఆవిడ నాకు చెప్పాల్సొచ్చింది. అప్పుడు గానీ నాకు బుర్ర పనిచేయలేదు. బావగారికి రోజువారీ ఆస్పిరిన్ ఉంది, రెండు మందులూ పడతాయి, ఇంకే మందులు వాడుతున్నాడో నాకు తెలుసు, అందుకే ధైర్యం చేసి ఇచ్చాను. ముక్కూ మొహం తెలియని మనిషికైతే ఇచ్చి ఉండేవాణ్ణి కాదు.

వాలంటీర్లు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ సందులోంచి అవతలి రోడ్డుకి చేర్చారు, అక్కడికి అంబులెన్సు వచ్చింది. ప్రాణం దక్కింది. కానీ గుండె పంపింగ్ 55 శాతం నుంచి 35 శాతానికి పడిపోయింది, ఇప్పుడు మేడ మెట్లెక్కితే మధ్యలో ఆగాలి. ఆ పెద్దావిడ పేరు గానీ ఊరు గానీ నేను అడగనే లేదు.

ఇక మందుల సంగతి. గుండెపోటులో జరిగేదేంటంటే, గుండెకి రక్తం తీసుకెళ్లే నాళంలో లోపలి కొవ్వు పొర చిట్లుతుంది, చిట్లిన చోట రక్తంలోని ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు వచ్చి అతుక్కుని గడ్డ కడతాయి, దారి మూసుకుపోతుంది. అవతల ఉన్న కండరానికి రక్తం అందదు, అది నిమిషాల లెక్కన చచ్చిపోతూ ఉంటుంది, చచ్చిన కండరం మళ్లీ రాదు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది. 1988లో ఐసిస్-2 అని పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. గుండెపోటు అనుమానంతో ఆసుపత్రికి వచ్చిన 17 వేలమందికి పైగా మనుషుల మీద చూశారు. రోజూ 162.5 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నెలరోజులు ఇచ్చినవాళ్లలో, ఇవ్వనివాళ్లతో పోలిస్తే, 5 వారాల్లోపు గుండె, రక్తనాళాల కారణంగా పోయినవాళ్లు సుమారు 23 శాతం తగ్గారు. ఒక టీ ఖర్చు కూడా లేని మందుకి ఇంత పని ఉందని డాక్టర్లే ఆశ్చర్యపోయిన కాలం అది.

అయితే ఆస్పిరిన్‌ని నమలాలి. మనవాళ్లు గుటుక్కున మింగుతారు. రోజువారీ వాడే చిన్న ఆస్పిరిన్ మీద చాలావాటికి పైపూత ఉంటుంది, కడుపులో మంట రాకుండా పేగుల్లోకి వెళ్లాకే కరగాలని ఆ పూత వేస్తారు. ఎమర్జెన్సీలో ఆ ఆలస్యం మనకొద్దు. 325 మిల్లీగ్రాముల బిళ్ళని నమిలినవాళ్లలో ప్లేట్‌లెట్లని అతుక్కునేలా చేసే థ్రాంబాక్సేన్ అనే పదార్థం సగానికి తగ్గడానికి 5 నిమిషాలు పట్టింది, అదే మింగితే 12 నిమిషాలు పట్టింది. చేదుగా, పుల్లగా ఉంటుంది, ఉండనివ్వండి, నమలండి. ఎంత వేసుకోవాలో మీ డాక్టర్ని అడిగి చీటీ మీద రాయించుకోండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, దానివల్ల ఆయాసం వచ్చేవాళ్లు, కడుపులో పుండు ఉండి రక్తం పడినవాళ్లు ముట్టుకోకూడదు. మూతి వంకరపోయి మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు, తలలో రక్తం కారుతోందో గడ్డ కట్టిందో స్కాన్ తీసేదాకా తెలియదు, అప్పుడు ఆస్పిరిన్ ఇవ్వకండి. ఏ జబ్బూ లేనివాళ్లు ముందుజాగ్రత్త అనుకుని రోజూ ఆస్పిరిన్ మింగడం కూడా నేను ఒప్పుకోను. జేబులో ఉంచుకోవడం వేరు, రోజూ వేసుకోవడం వేరు.

రెండోది నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, అంటే ఐసోసార్బైడ్ డైనైట్రేట్. ఇది గడ్డని కరిగించదు. రక్తనాళాలని వదులు చేసి గుండె మీద బరువు తగ్గిస్తుంది, దాంతో నొప్పి తగ్గుతుంది. అదే పనిలో బీపీ కూడా తగ్గిస్తుంది కాబట్టే కూర్చుని పెట్టుకోవాలి. మింగకూడదు, నాలుక కింద అలాగే కరగనివ్వాలి. 5 నిమిషాలు చూడండి, తగ్గకపోయినా, పెరిగినా ఇంకేమీ ఆలోచించకుండా 108కి చెయ్యండి. మళ్లీ వేసుకోవచ్చా, ఎన్ని అన్నది మీ డాక్టరు ముందే చెప్పి ఉంచాలి. ఇంకో మాట, సార్బిట్రేట్‌తో నొప్పి తగ్గింది కాబట్టి గండం గడిచిందని పడుకోకండి, గుండెపోటులోనూ కాసేపు తగ్గినట్టు అనిపించొచ్చు. బీపీ బాగా పడిపోయి ఉన్నవాళ్లకి అసలు ఇవ్వకూడదు. ఈ మందు డాక్టర్ రాసిస్తేనే, ఎవరికి రాశారో వాళ్లకే.

కొంతమంది ఒకసారి వాడి నా దగ్గరికి వచ్చి, "తల పగిలిపోయిందండీ, నాకు పడలేదు, ఇంక పెట్టుకోను" అంటారు. అది పడకపోవడం కాదు, నాళాలు వదులైతే తలనొప్పి వస్తుంది, మందు పనిచేస్తోందనే అర్థం. వాళ్లకి నేను డైనమైట్ కథ చెబుతాను. ఈ మందుల కుటుంబంలో పెద్దన్న నైట్రోగ్లిజరిన్, డైనమైట్‌లో వాడేది అదే. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులకి ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే తలనొప్పి వచ్చేది. 1879లో విలియం మరెల్ అనే ఇంగ్లండు డాక్టరు దాన్ని గుండెనొప్పికి మందుగా వాడి రాశాడు. డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కి ముసలితనంలో గుండెజబ్బు వస్తే డాక్టర్లు రాసింది కూడా అదే మందు. అది లోపల ఎలా పనిచేస్తుందన్న ముడి విప్పడానికి ఇంకో వందేళ్లు పట్టింది, ఈ మందు ఒంట్లో వదిలే, నాళాలని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మీద పనిచేసిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇదంతా విన్నాక చాలామంది తలనొప్పిని భరించి మాత్రని జేబులో ఉంచుకుంటున్నారు.

ఇప్పుడు ఒక మాట గొంతు తగ్గించి చెప్పాల్సింది, కానీ మైకులోనే చెబుతాను. మగవాళ్లు పడకగది కోసం వాడే మాత్రలు, సిల్డెనాఫిల్, టడలాఫిల్, ఇవి వేసుకున్నాక సార్బిట్రేట్ పెట్టుకుంటే బీపీ పాతాళానికి పడిపోతుంది, ప్రాణానికే ముప్పు. సిల్డెనాఫిల్ వేసుకుంటే 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్ జోలికి పోకూడదు. కౌంటర్ దగ్గర పక్కన ఎవరూ లేనప్పుడు వచ్చి కొంటారు, గుండె డాక్టరుకి మాత్రం చెప్పరు. చెప్పండి బాబూ, ఆయన మీ మావగారికి చెప్పడు.

మన ఊరి గాలి సంగతి కూడా చూసుకోవాలి. సముద్రపు తేమ, ఉక్కపోత, నడిచేటప్పుడు చెమట. నిక్కరు జేబులో నెలరోజులు తిరిగిన స్ట్రిప్పు తీసి చూడండి, మూలలు వంగి, రేకు మీద సూది మొనంత కన్నం పడి, లోపల బిళ్ళ పొడి అయిపోయి ఉంటుంది. ఇంకొందరు స్కూటీ డిక్కీలో పెడతారు, మే నెలలో జగదాంబ జంక్షన్ దగ్గర గంటసేపు ఎండలో నిలబడిన బండి డిక్కీలో చెయ్యి పెట్టి చూడండి, ఆ వేడికి మందు ఏమవుతుందో మీకే తెలుస్తుంది. చిన్న మూత బిగుసుకునే డబ్బీ కొనుక్కోండి, స్ట్రిప్పులోంచి తీయకుండా ముక్కగా కత్తిరించి అందులో పెట్టండి. కత్తిరించేటప్పుడు తారీఖున్న వైపు ఉంచుకోండి. ఇది మా షాపుల తప్పు కూడా, నాలుగు బిళ్ళలడిగితే కత్తిరించి ఇచ్చేస్తాం, తారీఖు మిగతా ముక్కతో మా దగ్గరే ఉండిపోతుంది. ఆ రాత్రి తర్వాత నేను నాలుక కింది మాత్రని విడిగా కత్తిరించి ఇవ్వడం మానేశాను, ఇవ్వాల్సొస్తే తారీఖు కవరు మీద పెన్నుతో రాసిస్తున్నాను.

ఇంట్లోవాళ్లకి, నడకలో మీ పక్కన నడిచే స్నేహితుడికి ఆ డబ్బీ ఏ జేబులో ఉందో తెలియాలి. నొప్పి వచ్చినప్పుడు మీరు చెప్పగలరో లేదో. డబ్బీలోనే చిన్న చీటీ, మీ పేరు, స్టెంటు ఎప్పుడు వేశారు, రోజూ ఏ మందులు, ఏది పడదు, ఇంటి ఫోన్ నంబరు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో మాత్ర, నీళ్లు ఏవీ పెట్టకండి, గొంతుకి అడ్డం పడుతుంది. ఊపిరి లేకపోతే 108కి చెప్పి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

ఆడవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి సరిగ్గా ఛాతీలో రాకపోవచ్చు. దవడ లాగడం, ఎడమ భుజం, ఉన్నట్టుండి ఆయాసం, వాంతి వచ్చేలా ఉండటం, చల్లటి చెమట, ఇవే ఉండొచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి అరగంట చూద్దాం అనేది మన ఇళ్లలో మామూలు. ఆ అరగంటే ఖరీదైనది. మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా వెళ్లాల్సింది ఆసుపత్రికే, ఈసీజీ తీస్తేనే తెలుస్తుంది. గడ్డని కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ ఇప్పుడు మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు, మన పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా వెళ్లేలోపే దగ్గర్లోని ఆసుపత్రిలో మొదలుపెట్టే వీలుంది. సొంత బండి మీద డ్రైవ్ చేసుకుంటూ మాత్రం వెళ్లకండి.

గుండెజబ్బు లేనివాళ్లు సార్బిట్రేట్ కొనుక్కోవద్దు. ఆస్పిరిన్ దగ్గర ఉంచుకోవాలా అన్నది మీ డాక్టర్ని ఒక్కసారి అడగండి, బీపీ చూపించుకోవడానికి వెళ్తారు కదా, అప్పుడే.

ఇంక నేను మాట్లాడింది చాలు. మందు రాసిచ్చినవాళ్లు ఇప్పుడు జేబులోంచి తీసి చేతిలో పట్టుకోండి, తారీఖులు చూసుకుందాం. కళ్ళజోడు తెచ్చుకోనివాళ్లు ఇటు రండి, నేను చదివి పెడతాను. ఇంట్లో మర్చిపోయి వచ్చినవాళ్లు చెయ్యెత్తండి, రేపు పొద్దున ఇదే టైముకి ఇక్కడే నిలబడి ఉంటాను, తెచ్చి చూపించి అప్పుడు నడవండి.